డ్రైవరుతో మాట్లాడరాదు

ఆ రోజు పొద్దున అనుకున్నది చాలా చిన్న సంగతి. వ్యాను ఎక్కాలి, ఉత్తరపు కొండల్లోకి పోవాలి, పెద్ద సరస్సు ఒడ్డున టెంటు వేసుకోవాలి, నాలుగు రోజులు ఉండి ఇంటికి రావాలి. ఇందులో తేడా రావడానికి ఏముంది అనుకున్నాడు డ్రైవరు.

డ్రైవరంటే ఇప్పుడు డ్రైవరు కాదు. రిటైరయ్యాడు. అయినా వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ కొండల దారిలోనే బస్సు నడిపాడు. ఏ మలుపులో ఏ గుంట ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. సరస్సు ఏ రంగులో ఉంటుందని అడిగితే మాత్రం చెప్పలేడు. రోడ్డు చూసేవాడికి సరస్సెందుకు కనిపిస్తుంది?

ఆ దారిలో ఆయన ఊరందరినీ తిప్పాడు గానీ ఇల్లాలిని తిప్పింది ఒక్కసారే. పెళ్ళైన కొత్తలో. తన సీటు వెనకే కూర్చోబెట్టాడు. ఆమెకు ఎదురుగా ఆయన వీపు, వీపు పైన ఒక బోర్డు. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని. ఆమె బుద్ధిమంతురాలు, మాట్లాడలేదు. ఇంటికొచ్చాకైనా మాట్లాడదామంటే ఆయన ఇంట్లో కూడా ఆ బోర్డు కింద కూర్చున్నట్టే కూర్చునేవాడు. ఊఁ అనేవాడు. మరీ పెద్ద విషయమైతే ఊఁ ఊఁ అనేవాడు.

అందుకని ఈ ప్రయాణానికి ఆమె ముందే షరతు పెట్టింది.

"ఈసారి ప్యాసింజర్లు ఉండకూడదు. ముందు సీట్లో నేను కూర్చుంటాను. సరస్సు దగ్గర మీకు ఒక మాట చెప్పాలి."

"ఇప్పుడే చెప్పు."

"ఇక్కడ చెప్పే మాట కాదు."

అప్పట్నించి డ్రైవరుకు అన్నం సయించలేదు. ఇక్కడ చెప్పకూడని మాట ఏమై ఉంటుంది? కొన్ని నెలలుగా ఆమె మధ్యాహ్నం పూట కుట్టు నేర్చుకోవడానికి పోతున్నానని బయటికి పోతోంది. పోవడం చూశాడు, రావడం చూశాడు. ఇంట్లోకి కనీసం ఒక దిండు గలీబు కుట్టి తేవడం మాత్రం చూడలేదు. ఎక్కడికి పోతోంది? ఆస్పత్రికా? ఏదైనా జబ్బు దాస్తోందా? లేకపోతే నాతో విసిగిపోయి చెల్లెలి ఇంటికి పోయి ఉంటానంటుందా? అడుగుదామని నోరు తెరిచేవాడు. ఊఁ అని మూసేవాడు.

వ్యాను డిపో మెకానిక్కుది. అరువు తెచ్చాడు. డిపోలో మిగిలిపోయిన రంగునే మెకానిక్కు దానికి పూశాడు కాబట్టి అది ఉతికితే కుంచించుకుపోయిన బస్సులా ఉంది. ఆ సంగతి ఆ పొద్దున ఎవరికీ పట్టలేదు. వెనక సీట్లో బావమరిది సర్దుకుని కూర్చోవడం మాత్రం ఇల్లాలి కంట పడింది.

"వాడెందుకండీ?"

"వాడు లేకపోతే బండి వెనక్కెలా తీసేది?"

అది నిజమే. బావమరిది అదే బస్సులో కండక్టరు. డ్రైవరు బండి వెనక్కి తీయాలంటే వాడు వెనక నిలబడి రేకు మీద దబదబా కొడుతూ "రానీ, రానీ, రానీ" అనాలి. "హోల్డాన్" అంటే ఈయన ఆగాలి. ఆ దెబ్బల శబ్దం లేకుండా డ్రైవరు సందులోంచి సైకిలు కూడా వెనక్కి తీయలేడు. కండక్టరు సంగతి ఇంకోలా ఉంటుంది. వాడికి రెండు ఈలలు వేసి బండి కదిలించడం వచ్చు, ఒక ఈల వేసి ఆపడం వచ్చు, స్టీరింగు పట్టుకోవడం మాత్రం రాదు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి.

"ఒరేయ్ తమ్ముడూ, టెంటు వేసిచ్చి నువ్వు అవతలి ఒడ్డుకు పోవాలి, తెలిసిందా?"

"పోతానక్కా. చేపలు పట్టుకుంటా."

"ఆ మెళ్ళో ఈలెందుకురా?"

"ఇది లేకపోతే మెడ చల్లగా ఉంటుందక్కా."

టెంటును నీలం టార్పాలినులో చుట్టి, తాడు బిగించి, పైకెక్కించారు. వ్యాను బయల్దేరింది. చాలాదూరం అంతా బాగానే ఉంది. ఇల్లాలు ముందు సీట్లో కూర్చుని పైన్ చెట్లను చూసింది, వాగులు చూసింది, మధ్యమధ్యలో మొగుణ్ణి పక్కనించి చూసింది. పక్కనించి చూస్తే ఆయనకు ముక్కు కూడా ఉందని, అది బాగానే ఉందని ఆమెకు కొత్తగా తెలిసింది.

కొండ ఎక్కుతుంటే మంచు దిగింది. ఒక మలుపు తిరగగానే రాతి షెడ్డు, దాని ముందు చెయ్యెత్తి ఇద్దరు మనుషులు. వ్యాను ఆగింది. ఆపింది డ్రైవరు కాదు, డ్రైవరు కుడికాలు. అన్నేళ్ళుగా ఆ షెడ్డు కనిపిస్తే నొక్కడం దానికి అలవాటు. ఎవరినీ అడగదు.

"ఎందుకాపారండీ?"

"స్టాపు."

"మన వ్యానుకు స్టాపేమిటి?"

ఈలోగా వెనక తలుపు తెరుచుకుంది. కండక్టరు గొంతు కొండంతా మోగింది. "దిగేవాళ్ళు దిగాలి, ఎక్కేవాళ్ళు ఎక్కాలి! ముందుకు జరగాలమ్మా, ముందుకు జరగాలి!"

దిగేవాళ్ళు ఎవరూ లేరు. ఎక్కేవాళ్ళు మాత్రం ఎక్కేశారు. ఒక పెద్దమ్మ, ఆమె చంకలో మూత కట్టిన బుట్ట, బుట్టలోంచి బయటికి పొడుచుకొచ్చిన పెద్దబాతు మెడ. వెనకాల ఒక సన్నటి మనిషి, స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన మెళ్ళో కూడా ఒక ఈల. రెండు ఈలలూ ఒకదాన్నొకటి ఎగాదిగా చూసుకున్నాయి.

"మళ్ళీ బస్సు వేశారా నాయనా! చల్లగా ఉండండి" అంది పెద్దమ్మ. "మీరు పోయాక మధ్యాహ్నం బస్సు ఎత్తేశారు గదా. పొద్దుటిది తప్పిపోయింది. సరస్సు పక్కన మా అమ్మాయి ఊరు. ఈ బాతును మోసుకుని నడిచిపోదామనుకున్నా."

ఇల్లాలు మొగుడి వైపు చూసింది. 'ఇది బస్సు కాదని చెప్పండి' అని ఆ చూపు. డ్రైవరు కండక్టరు వైపు చూశాడు. కండక్టరు బాతు వైపు చూశాడు. చివరికి ఇల్లాలే మెత్తబడింది. "పోనీలెండి, దారిలోదే కదా."

"తల్లీ, నువ్వు కాస్త వెనక్కి పోతావా?" అంది పెద్దమ్మ. "వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది. దీనికి కూడా."

అలా ఇల్లాలి ముందు సీటు పోయింది. ఆమె వెళ్ళి డ్రైవరు సీటు వెనకే కూర్చుంది. కళ్ళెత్తి చూస్తే ఎదురుగా వీపు. బోర్డొక్కటే తక్కువ.

"అక్కా, కావాలని కాదక్కా. నోరు దానంతటదే అనేసింది" అన్నాడు కండక్టరు.

"నీ నోరు, మీ బావ కాలు. నాకు దేవుడిచ్చిన ఆస్తి."

ఇంకెక్కడా ఆపకూడదని డ్రైవరు గట్టిగా అనుకున్నాడు. అనుకున్నది తల. కాలికి ఆ సంగతి చేరలేదు. కోతమిల్లు స్టాపు రాగానే మళ్ళీ నొక్కింది. అక్కడ ఒక దిట్టమైన ఆడమనిషి నిలబడి ఉంది. పక్కన నీలం టార్పాలినులో చుట్టిన పరుపు. కండక్టరు దాన్ని ఎత్తి పైన టెంటు పక్కన పడేశాడు. పరుపావిడ ఎక్కీ ఎక్కగానే ఫోను తీసి సరస్సు పక్కనున్న తన చుట్టాలకు కేక పెట్టింది. "ఏయ్, బస్సు మళ్ళీ వేశారు! ఆఁ, నేను అందులోనే ఉన్నా! అందరికీ చెప్పండి, సాయంత్రానికి స్టాపులో ఉండమనండి!"

"ఇది బస్సు కాదండీ" అంది ఇల్లాలు నెమ్మదిగా.

"అవునమ్మా, చిన్నదే వేశారు. ఏం చేస్తాం, ఉన్నదాంట్లోనే సర్దుకుందాం" అంది పరుపావిడ, ఓదారుస్తూ.

ఇల్లాలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పరుపావిడ స్టాపు ఒక వాగు పక్కన వచ్చింది. ఇల్లు రోడ్డుకు కాస్త ఎగువన ఉంది. కండక్టరు పైకెక్కి చుట్ట దింపి, మొహమాటానికి పోయి దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటిదాకా మోశాడు. ఉద్యోగంలో ఒక్క మూట కూడా మార్చి ఇవ్వలేదని వాడు గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే. అప్పుడు పైన వాడి మూట ఎప్పుడూ లేదు. ఈసారి ఉంది. వాడు మోసింది టెంటును.

ఇల్లాలు కూడా దిగింది. వాగులో మొహం కడుక్కుంటే కోపం కాస్త తగ్గుతుందనుకుంది. డ్రైవరు దిగలేదు, తల కూడా తిప్పలేదు. స్టాపులో డ్రైవరు తల తిప్పడు. చేతులు స్టీరింగు మీద, చెవులు వెనక. ఈల కోసం.

అప్పుడు ఒక కుక్క వచ్చింది. కిటికీలోంచి బాతు మెడ కనిపించి దాని మీదికి ఎగిరింది. బాతు అరిచింది, పెద్దమ్మ అరిచింది. డ్రిల్లు మాస్టారు లేచి, పిల్లల్ని అదిలించే అలవాటు కొద్దీ ఈల అందుకున్నాడు. కుర్ర్, కుర్ర్!

రెండు ఈలలు. వ్యాను కదిలింది.

మలుపు తిరిగాక కూడా డ్రైవరు మనసు వెనక సీటు మీదే ఉంది. అద్దంలో చూద్దామంటే పెద్దమ్మ నెత్తిన గుడ్డ సరిచేసుకోవడానికి దాన్ని తన వైపు తిప్పుకుంది. అందులో పెద్దమ్మ నుదురూ బాతు ముక్కూ తప్ప ఇంకేమీ కనబడటం లేదు. వెనక చాలా నిశ్శబ్దంగా ఉంది. కోపం వచ్చిందన్నమాట అనుకున్నాడు. రాదా మరి? ఒక్క సీటు అడిగింది. ఒక్క మాట చెప్తానంది. రెండూ పోయాయి. ఇలాగే పోతే సరస్సు వచ్చేసరికి నేరుగా చెల్లెలి ఇంటికే పోతానంటుంది.

ఎప్పుడూ లేనిది, రోడ్డు మీంచి కళ్ళు తీయకుండానే, నోరు తెరిచాడు.

"ఇదిగో... వింటున్నావా?"

వెనకనించి జవాబు రాలేదు. వింటోందిలే అనుకున్నాడు.

"నువ్వు చెప్పబోయే మాట ఏదైనా సరే, నేనేమీ అనను. ఒంట్లో బాగాలేకపోతే ఏ ఆస్పత్రికైనా పోదాం. వ్యాను నేనే నడుపుతా. మీ చెల్లెలి ఇంటికి పోతానంటే... పో. కానీ వచ్చెయ్యి. నువ్వు లేకపోతే ఇంట్లో టీ గ్లాసు ఎక్కడుంటుందో నాకు తెలీదు. అది కాదు, గ్లాసు సంగతి కాదు." ఒక మలుపు దాటేదాకా ఆగాడు. "అప్పుడు నువ్వు నా బస్సులో వచ్చావే, నా వీపు తప్ప ఏమీ చూళ్ళేదంటావు. నేను మాత్రం అద్దంలో నిన్నే చూశా. పచ్చచీర కట్టుకున్నావు. ముక్కు మీద మసి ఉంది, ఇంజను మసి. తుడుచుకో అని చెబుదామనుకున్నా. బోర్డుంది కదా అని చెప్పలా. అన్నేళ్ళు రోడ్డు చూశాను గానీ, గుర్తున్నది ఆ అద్దమే."

అంత పొడుగు మాట ఆయన పుట్టిన తర్వాత మాట్లాడలేదు.

పెద్దమ్మ ముక్కు చీదింది. వెనకనించి డ్రిల్లు మాస్టారు చిన్నగా దగ్గాడు.

"డ్రైవరు గారూ, మీ మాట చాలా బాగుంది. మా ఆవిడతో నేను కూడా చెప్పాలి. కానీ..."

"కానీ ఏమిటి?"

"ఆవిడ వాగు దగ్గరే దిగారు. ఎక్కలేదు. మీరు బస్సు తీసేశారు. డ్రైవరుతో మాట్లాడకూడదు కదా అని నేను ఊరుకున్నా."

కుడికాలు ఈసారి స్టాపు లేకుండానే నొక్కింది. డ్రైవరు మొట్టమొదటిసారి తల వెనక్కి తిప్పి చూశాడు. ఖాళీ సీటు. దాని మీద ఇల్లాలి శాలువా. కండక్టరు కూడా లేడు.

"ఇంతసేపూ నేను ఎవరితో మాట్లాడాను?"

"మాతో నాయనా" అంది పెద్దమ్మ కళ్ళొత్తుకుంటూ. "మేమంతా విన్నాం. నీ పెళ్ళాం తప్ప."

వెనక్కి తిప్పాలి. రోడ్డు ఇరుకు. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. కాస్త వెనక్కి తీసి మళ్ళించుకోవాలి. ఎవరికైనా అది చిన్న పనే. డ్రైవరు రివర్సు గేరు వేసి చెవులు రిక్కించాడు. రేకు మీద దెబ్బలు లేవు. రానీ రానీ లేదు. చేతులు కదల్లేదు.

"నేను చెప్తాను రండి" అని డ్రిల్లు మాస్టారు దిగి వెనక నిలబడ్డాడు.

"రేకు మీద కొట్టండి!"

"నాకు కొట్టడం అలవాటు లేదండీ, ఈల వేస్తాను!"

"ఈల వేస్తే ముందుకు పోతుంది!"

మాస్టారు పాపం రెండు చేతులూ ఊపుతూ కవాతు చేయించినట్టు "లెఫ్ట్! రైట్!" అన్నాడు. డ్రైవరు జీవితమంతా "రైట్" అంటే పోనిమ్మని విన్నవాడు. పోనిచ్చాడు. రివర్సు గేరులో ఉన్నాడన్న సంగతి గుర్తొచ్చేసరికి వెనక చక్రం కొండవైపు కాలవలో దిగింది, వ్యాను ఒక పక్కకు ఒరిగింది, బుట్ట దొర్లింది, మూత ఊడింది.

బాతు చాలా మర్యాదగా దిగి రోడ్డు మీద నడక మొదలుపెట్టింది.

"నా బాతు! నా మనవరాలికి మాటిచ్చిన బాతు!" అని పెద్దమ్మ గుండెలు బాదుకుంది. డ్రైవరు దూకి దాని ముందుకెళ్ళి చేతులు చాచాడు. బాతు ఆగి, ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, చెప్పులోంచి బయటికొచ్చిన కుడికాలి బొటనవేలు మీద పొడిచి పట్టుకుంది. వదల్లేదు. డ్రైవరు ఒంటికాలి మీద గెంతాడు. బాతు కూడా ఆయనతోపాటే గెంతింది. మాస్టారు ఈల వేశాడు. బాతుకు ఈలల భాష రాదు. చివరికి పెద్దమ్మ వచ్చి దాని చెవిలో ఏదో బుజ్జగించి విడిపించింది.

వేలు వంకాయలా అయింది. డ్రైవరు మైలురాయి మీద కూలబడ్డాడు. బండి కాలవలో, కాలు చేతిలో, పెళ్ళాం వాగు దగ్గర. ఆవిడ నడిచి కిందికి పోయి ఏ బస్సో ఎక్కేసి ఉంటుంది. చెల్లెలి ఇంటికి. తప్పేముంది? స్టాపులో పెళ్ళాన్ని వదిలేసి పోయినవాడి ఇంటికి ఎవరొస్తారు?

అలా ఎంతసేపు కూర్చున్నాడో. కింద నుంచి ఒక మోత వినిపించింది. మలుపు తిరిగి ట్రాక్టరు వచ్చింది. నడుపుతున్నది పరుపావిడ. ఒక మడ్గార్డు మీద ఇల్లాలు, ఇంకో మడ్గార్డు మీద టెంటు చుట్ట పట్టుకుని కండక్టరు.

"ఏవయ్యా డ్రైవరూ!" అని ట్రాక్టరు ఆగకముందే అరిచింది పరుపావిడ. "పరుపు విప్పి మంచం మీద పరిస్తే మధ్యలో గుంజలు లేచాయి! మా ఆయన అందులోకి దూరి దారి తెలీక అరుస్తున్నాడు! నా పరుపేదీ?"

పరుపు వ్యాను పైన భద్రంగా ఉంది. కాస్త ఒరిగి ఉంది, అంతే.

కండక్టరు పరుగున వచ్చి బావ చెవిలో అన్నాడు. "బావా, అక్క ఒక్క తిట్టు తిట్టలేదు. దారంతా ఒక్క మాట అనలేదు. అందుకే నాకు భయంగా ఉంది."

ఇల్లాలు నెమ్మదిగా దిగి వచ్చింది. కాలవలో వ్యానును చూసింది, బాతును చూసింది, వంకాయ వేలును చూసింది.

"బాగా నొప్పా?"

"ఊఁ."

"నన్ను వదిలేసి ఎందుకొచ్చారు?"

"రెండు ఈలలు వినపడ్డాయి."

పెళ్ళైన కొత్తలో అయితే ఆమె దీనికి ఏడ్చేది. ఇప్పుడు నవ్వొచ్చింది. పమిట అడ్డుపెట్టుకుని నవ్వింది. అది చూసి పెద్దమ్మ ఊరుకోలేకపోయింది. "నవ్వకమ్మా! నువ్వున్నావనుకుని ఎంత చక్కగా మాట్లాడాడు! మాస్టారు కూడా ఏడ్చాడు."

"నాకు జలుబు" అన్నాడు మాస్టారు.

"ఏం మాట్లాడారు?"

"అది మేం చెప్తే బాగోదు. ఆయన నోటితోనే వినాలి."

ఇల్లాలు మొగుడి వైపు తిరిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బొటనవేలి వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

పరుపావిడ ట్రాక్టరుకు గొలుసు కట్టి ఒక్క ఊపులో వ్యానును రోడ్డెక్కించింది. బండి ముక్కు సరస్సు వైపే ఉంది. పరుపు దింపుకుని ట్రాక్టరు మీద వేసుకుంది, మా ఆయన్ని విప్పాలంటూ వెళ్ళిపోయింది. అప్పుడు అందరికీ ఒకేసారి తట్టింది. ఇప్పుడు వ్యాను ఎవరు నడుపుతారు? డ్రైవరు కాలు బ్రేకు మీద పెట్టబోయి కెవ్వుమన్నాడు. మాస్టారుకు సైకిలు తప్ప రాదు. కండక్టరు ఈల పట్టుకుని నేల చూపులు చూశాడు. పెద్దమ్మను ఎవరూ అడగలేదు.

"తాళం ఇలా ఇవ్వండి" అంది ఇల్లాలు.

"ఎందుకు?"

"ఇస్తే తెలుస్తుంది."

ఇచ్చాడు. ఆమె కొంగు బిగించి డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది. ఆ సీటు జరుగుతుందని డ్రైవరుకే తెలీదు. పెద్దమ్మ వైపున్న అద్దాన్ని తన వైపు తిప్పుకుంది. తాళం తిప్పింది. ముసలి బండి ఒక్కసారికే అందుకుంది.

"ఇదే మీకు చెప్పాలనుకున్న మాట" అంది, రోడ్డు చూస్తూనే. "లైసెన్సు వచ్చింది. మధ్యాహ్నాలు నేర్చుకున్నా."

"కుట్టు?"

"కుట్టు నాకు చేతకాదండీ. వేళ్ళకు గుచ్చుకుంటుంది."

జబ్బు లేదు. చెల్లెలి ఇల్లు లేదు. డ్రైవరు కళ్ళలో ఏదో పడినట్టయింది. కొండ దుమ్ము కావచ్చు.

"ఎందుకు నేర్చుకున్నావు?" అన్నాడు.

"ఇన్నేళ్ళూ మీ వెనక ఏముందో చూశాను. మీ ముందు ఏముందో చూద్దామనిపించింది. ఎక్కండి."

ముందు సీట్లో పెద్దమ్మ, ఒళ్ళో బాతు. అందుకని డ్రైవరు వెళ్ళి ఇల్లాలి వెనక సీట్లో, ఆమె శాలువా ఉన్న చోటే కూర్చున్నాడు. ఎదురుగా ఆమె వీపు. కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఊరుకోలేకపోయాడు.

"రెండో గేరు... ఇక్కడ గుంట ఉంది, ఎడమకు... హారన్, హారన్ కొట్టు..."

"తమ్ముడూ" అంది ఆమె తల తిప్పకుండానే. "ఆ ప్యాసింజరుకు రూలు చెప్పు."

కండక్టరు జన్మంతా ఎదురుచూసిన అవకాశం అది. గొంతు సవరించుకున్నాడు. "బావా, డ్రైవరుతో మాట్లాడరాదు."

మాస్టారు పగలబడి నవ్వాడు. బాతు కూడా ఏదో అంది. డ్రైవరు మూతి ముడుచుకుని అద్దంలోకి చూశాడు. అద్దంలో ఆమె కళ్ళు ఒక్క క్షణం ఆయన మీద నిలిచి మళ్ళీ రోడ్డు మీదికి పోయాయి. అన్నేళ్ళ కిందట తాను చూసిన చూపే. అటునుంచి అది ఎలా ఉంటుందో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

మాస్టారును ఆయన స్కూలు దగ్గర దింపారు. పెద్దమ్మను కూతురి గుమ్మంలోనే దింపారు. పోతూ పోతూ ఆవిడ ఇల్లాలి బుగ్గలు పుణికి, "ఆ మాట చెప్పించుకోకుండా మాత్రం వదలకు" అని చెప్పి వెళ్ళింది. ముందు సీటు ఖాళీ అయింది. డ్రైవరు కుంటుకుంటూ వచ్చి అందులో కూర్చున్నాడు. కొంచెం దూరం పోయాక గొంతు సవరించుకున్నాడు.

"ఇదిగో, నేను కూడా ఒక మాట చెప్పాలి."

"ఇక్కడ కాదు. సరస్సు దగ్గర చెబుదురు గానీ. మలుపులున్నాయి."

చేసేదేమీ లేక ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. చెట్లు పలచబడ్డాయి, మంచు విడిపోయింది, కింద సరస్సు మొత్తం ఒక్కసారిగా కనిపించింది. అంత పెద్దదని ఆయన అనుకోలేదు. ఈ ఒడ్డున ఆకుపచ్చ, ఆ ఒడ్డున నీలం, నడుమ కొండలు తలకిందులుగా నిలబడి ఉన్నాయి. తాను అన్నేళ్ళు దీని పక్కనించే పోయానా అని నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

చివరి మలుపులో స్టాపు వచ్చింది. పరుపావిడ ఫోను బాగా పని చేసింది. షెడ్డు నిండా జనం, పెట్టెలు, మూటలు, ఒక మేక. అందరూ చేతులెత్తారు. డ్రైవరు కుడికాలు వంకాయ వేలితో సహా ఉత్త నేలను నొక్కింది. ఆయన కెవ్వుమన్నాడు. వెనక కండక్టరు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"ఊదావంటే మింగేదాకా వదలను" అంది అక్క.

వ్యాను ముందుకు పోయింది.

సాయంత్రం కండక్టరు టెంటు వేసిచ్చి, చెప్పినట్టే అవతలి ఒడ్డుకు పోయాడు. వాళ్ళిద్దరూ నీళ్ళ పక్కన ఒక దుంగ మీద కూర్చున్నారు. డ్రైవరు కుడికాలు నీళ్ళలో పెట్టుకుని, పచ్చచీర దగ్గర మొదలుపెట్టి, తన మాట మొదటినించి చివరిదాకా చెప్పాడు. ఈసారి వినవలసిన మనిషి తప్ప ఇంకెవరూ వినలేదు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, "మసి పోయిందా?" అంది.

"ఊఁ" అన్నాడు డ్రైవరు.

కొండదారిలో బస్సు మళ్ళీ వేసినందుకు సంతోషమేగానీ, ఈ కొత్త డ్రైవరు స్టాపుల్లో ఆపడం లేదని, పాతాయనే నయమని మర్నాడే డిపోకు ఫిర్యాదు వెళ్ళింది.